హమీద్ బావ పేరు మీద గది

ఇంట్ల నవారు మంచం పెట్టుకొని హోటల్ల పండేటోణ్ణి మీరెక్కడన్న సూసిన్రా? మా హమీద్ బావ గసోంటోడు. మా ఆయనకు అన్న. నీళ్ల మోటార్ల కంపెనీల నౌకరి, సాగర్ కాలువ కింది ఊర్లన్ని తిరిగి మోటార్లు అమ్మేటోడు. పొద్దుమూకినంక నందికొండల బస్సెక్కితే హాలియకొచ్చి ఇంటికాడ ఇంత బువ్వ తిని పండొచ్చు గద. ఊహూఁ. డ్యాం కాడి హిమధార హోటల్ల దిగుడే దిగుడు. ఎందుకయ్యా అంటే పాయింట్లట! ఆ హోటలోళ్లు ఆయనకొక కార్డు ఇచ్చిన్రు. దిగినప్పుడల్ల దాని మీద పాయింట్లు పడుతయట. అవి నిండినంక మనాలి దిక్కు మంచుకొండల మీద వాళ్లదే ఇంకో హోటలున్నదట, అండ్ల ఒక వారం పుక్యానికి ఉండొచ్చట.

"కిరాయి కంపెనీది, పాయింట్లు నాయి. నీదేం పోయింది?" అని నన్నే ఎదురడిగేటోడు.

ఆ హోటల్ గోడకు ఒక పెద్ద ఫోటో ఉండేది. కాళ్లకు బద్దలు కట్టుకొని మనుషులు మంచు మీద జారుకుంట పోతుంటరు. దాన్ని సూసే బావ పిచ్చోడైండు. మా అత్త లాల్ బీ ముంగట కూసొని, "అమ్మీ, నిన్ను తోల్కపోయి ఆ మంచు మీద కూసోబెడుత, ఎండలకు ఉడికిన పానం సల్లబడుతది" అనేటోడు. అత్త జాన్‌పాడ్ దర్గా ఉర్సుకు తప్ప గడప దాటి ఎరుగదు. ఆమెకు ఆ మాటలు శెక్కెర పాకమే. పెండ్లి చేసుకోరా అంటే, మంచు సూపిచ్చినంకనే చేసుకుంట అనేటోడు.

పెండ్లీ కాలే, మంచూ సూపియ్యలే. ఆ వానకాలం జ్వరమొచ్చింది. నల్లగొండ దవాఖానకు తీస్కపోయేసరికే చెయ్యి దాటింది. మట్టి పెట్టి వచ్చినంక అత్త గోడకానుకొని కూసున్నది. కండ్ల నుంచి ఒక్క చుక్క రాలే. వాడకట్టు ఆడోళ్లు ఏడువమ్మా ఏడువు అని ఈపు రుద్దిన్రు గని, ఆమె గోడ తీర్గనే ఉన్నది.

కొన్నాళ్లకు ఎల్లస్వామి వచ్చిండు. నందికొండ హోటల్ల కౌంటర్ కాడ కూసుంటడు, బావకు దోస్తు. అటీటు మాట్లాడి, మెల్లగ అసలు ముచ్చట తీసిండు. "అమ్మా, హమీద్ సాబ్‌కు పాయింట్లు నిండినయి. సలికాలంల గది ఖాయమైంది, తోడు ఒక మనిషి పోవచ్చు. మనిషి పోయిండని రాస్తే పాయింట్లన్ని బేకారైతయి, కార్డున్న మనిషే పోవాలె. నేనింక రాయలే."

అత్త అప్పుడు తలెత్తింది. చాన రోజులకు ఆమె కండ్లల్ల ఇంత ఎలుగు సూసిన.

"వాని తమ్ముడు ఆజం పోతడు. హమీద్ అని చెప్పుకొని పోతడు. తోడు నేను పోత."

"ఆడి హోటలోళ్లకు మొకం తెల్వదు గద, ఎల్లుతది గని... నోరు జారొద్దు" అన్నడు ఎల్లస్వామి.

నేను అడ్డం పడ్డ. "అమ్మీ, పుట్టిన పోరనికి సచ్చిన తాత పేరు పెడుతరు, అది వేరే. పెరిగిన మనిషి పేరు ఊడదీసి ఇంకో పేరు తొడుగుతరా, అంగీ లెక్క? ఇది మంచిది గాదు" అన్న. ఎవలింటరు? గోడకు చెప్పుకున్నట్టే అయింది. మా ఆయన దర్జీ. మెడల టేపు, చెవు మీద సుద్ద ముక్క, మెత్తటి మనిషి. "పోనీ తీ తాహేరా, అమ్మ ముచ్చట. వారం రోజుల పని" అన్నడు. వారం రోజుల పనట!

ఆ రోజు సంది మా ఇంట్ల నాటకం షురువైంది. అలవాటు కావాలని అత్త ఆయనను హమీద్ అనే పిలుసుడు. హమీద్ లే, హమీద్ చాయ్ తాగు, హమీద్ కోడి గంప మీద రాయి పెట్టు. వాడకట్టోళ్లకు సుత చెప్పి పెట్టింది. వాళ్లు ముందుగాల నవ్విన్రు, మల్ల అలవాటు పడ్డరు. బావ స్వెట్టర్ తీసి తొడిగిచ్చింది. బావ సంతకం కాగితాల మీద దిద్దిచ్చింది. ఆ సంతకం పెట్టేటప్పుడు మా ఆయన నాలుక కొస బయటపెట్టేటోడు. అది బావ అలవాటు. నేను సూసిన, నాకెందుకులే అని మింగిన.

ఒకనాడు పొద్దున మా ఆయన మిషన్ కాడ కూసొని పైజామా కుడుతాండు. అత్త ఎనక నుంచి "ఆజం!" అని పిలిచింది. ఆయన తల తిప్పలే. "ఓ ఆజం!" అన్నది. మిషన్ ఆగలే. అత్త చప్పట్లు కొట్టి, "పాసైండు! నా కొడుకు పాసైండు!" అని మురిసింది. మరి నేను ఆయన మొకం దిక్కు సూసిన. ఇనిపిచ్చుకోనట్టు నటిస్తలేడు. నిజంగనే ఇనవడలే.

పెద్ద సలికాలంల ఇద్దరు పోయిన్రు.

వాళ్లు తిరిగొచ్చిన పూట నేను వాకిట్ల బియ్యం చెరుగుతున్న. అత్త ముందుగాల లోపలికొచ్చింది. మొకం తెల్లగ, నున్నగ, పదేండ్లు తగ్గినట్టున్నది. మా ఆయన రాలే. దర్వాజ అవతల ఆగిండు. ఆగి, గొంతు సవరించి దగ్గిండు.

మీకు తెల్వకుంటే చెప్త. మా ఇండ్లల్ల మొగుని అన్న ఇంట్లకొచ్చేముందు గట్లనే దగ్గుతడు. లోపల తమ్ముని పెండ్లాం ఉంటది గద, కొంగు నెత్తి మీదికి గుంజుకునేదాక బయటనే నిలవడుతడు. బావ ఉన్నన్ని రోజులు గట్లనే చేసిండు. మొగుడు దగ్గుడేంది? కొంగు నెత్తి మీదికి గుంజుకున్నంక గని నాకు సోయి రాలే, నా చెయ్యి నన్ను అడగకుంటనే గుంజింది.

లోపలికొచ్చి నేల దిక్కే సూసుకుంట, "దుల్హన్, జర మంచినీళ్లియ్యి" అన్నడు. దుల్హన్ అని నన్ను బావే పిలిచేటోడు. మా ఆయన పిలుసుడు తాహేరా అనే.

"ఏంది, నాటకం ఇంక ఒడవలేదా?" అని ఎక్కిరిచ్చిన. ఆయన పరేషాన్ అయ్యి అత్త దిక్కు సూసిండు. చెంబు అందుకునేటప్పుడు ఏలు తాకకుంట అందుకున్నడు. పక్కబట్టలు తీస్కపోయి ముందటింట్ల బావ మంచం మీద ఏసుకున్నడు.

రెండు రోజులు కోపం పట్టుకొని సూసిన. మూడోనాడు ఆయన చిరిగిన అంగీ, సూది దారం తెచ్చి ముంగట పెట్టిన. "జర కుట్టరాదుండ్రి" అన్న. ఆయన సూదిని అటీటు తిప్పిండు. దారం ఎక్కిచ్చుడు రాలే. హాలియ అంతట్ల సన్న కుట్టుకు పేరు పోయిన మనిషి! సూది కింద పెట్టి నెమ్మదిగ చెప్పిండు. "నాకు రాదు దుల్హన్. ఆజం వచ్చినంక కుట్టిచ్చుకో."

నేను ఆ అంగీని, సూదిని ఏరుకొని లేసిన.

మాపటికి అన్నం తినుకుంట, "అమ్మీ, నేను బాయిల పడ్డప్పుడు నువ్వు చీర ఇప్పి గుంజినవు, యాదికున్నదా?" అని నవ్విండు. అత్త కొంగు నోట్లె కుక్కుకున్నది. బావ బాయిల పడ్డనాటికి మా ఆయన ఇంక పుట్టనే లేదు. ఆడమనిషి చీర ఇప్పిన ముచ్చట అత్త ఎవలకు చెప్పుకుంటది? నాకే ఎనకట ఒకసారి చెవుల చెప్పింది.

తెల్లారి అత్తను పెరట్లకు గుంజకపోయిన. "ఏం చేసుకొచ్చినవు? నిజం చెప్పు."

అత్త బెదరలే. "ఆడ మంచు మీద ఆయనకు బద్దలు కట్టిన్రు. జారుకుంట కిందికి పోయిండు. అడుగున తెల్లటి మంచు పొగ, అండ్ల కలిసిండు. ఎంతకు పైకి రాడు. హోటల్ పోరగాండ్లు ఈలలేస్తున్నరు. నాకు పానం పోయింది. హమీద్ అని మొత్తుకున్న. నెలల కొద్ది అదే పేరు నోట్లున్నది గద. పొగల నుంచి మనిషొచ్చిండు. వచ్చి నా కాళ్ల కాడ కూసొని, అమ్మీ నువ్వొచ్చినవా, ఎన్నాళ్ల సంది సూస్తున్న అన్నడు. మొకం ఆజంది. సూపు హమీద్‌ది. కన్నదాన్ని, నాకు తెల్వదా?"

"తెలిసీ తోల్కొచ్చినవా? మరి మా ఆయనేడి?"

అత్త నా కండ్లల్లకు సూసి చెప్పింది. "నా కొడుకును నేను తెచ్చుకున్న. నీ మొగుణ్ణి నువ్వు పోయి తెచ్చుకో."

ఏం తల్లో! కని పెంచిన కొడుకు గాదా ఆయన సుత? చెంప పగలగొడుదమన్నంత కోపమొచ్చింది. కోపమెనుక భయమొచ్చింది. ఇద్దరు కొడుకులల్ల ఒకన్ని ఏరుకొని వచ్చిన తల్లితోటి ఏం కొట్లాడుత? బురఖా ఏసుకొని నందికొండ బస్సెక్కిన.

నన్ను సూడంగనే ఎల్లస్వామి కౌంటర్ ఎనక నుంచి లేసొచ్చిండు. "అక్కా, నేనే మీ ఇంటికొద్దమనుకుంటున్న. మొన్న మీ ఆయన ఈడికొచ్చిండు. డ్యాం దిక్కు కిటికున్న గదే కావాలన్నడు, హమీద్ సాబ్ ఎప్పుడు దిగేది అదే గది. పోయేటప్పుడు నా చెవుల ఒక మాటన్నడు. అది నాకు, హమీద్ సాబ్‌కు తప్ప మూడోవాడికి తెల్వదు. ఆనాటి సంది నాకు నిద్ర లేదు."

మంచుకొండల హోటల్‌కు ఫోన్ చెయ్యమన్న. ఎంతకో లైన్ కలిసింది. ఎల్లస్వామి హిందీల అడిగిండు, ఇన్నడు. ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి నాకు చెప్పిండు.

"ముసలమ్మ, ఆమె కొడుకు హమీద్ ఎల్లిపోయిన్రట. వాళ్ల తోటి వచ్చిన ఇంకో మనిషి ఆడనే ఉన్నడట అక్కా. జారే జాగా అడుగున బండ మీద పొద్దంత కూసుంటడట. లోపలికి రమ్మంటే రాడట. పేరేందని అడిగితే, నా పేరు మా ఇంటోళ్లు పిలుస్తరు, పిలిచినప్పుడు పోత అంటడట."

"ఎట్లుంటడట?"

"మెడల దర్జీ టేపు ఏసుకున్నడట."

ఆ గోడ మీది ఫోటో దిక్కు సూడబుద్ధి కాలే.

బస్సుల కూసొని సోంచాయించిన. ఆయన పేరు పెట్టి పిలిచే ఇంటోళ్లు ఎవలున్నరు? బాపు లేడు, అన్న లేడు. తల్లి పిలువది. ఇంగ నేను. ఏడేండ్ల సంసారంల ఆ పేరు నా నోట్లకెల్లి రాలే. మా దాంట్ల ఆడది మొగుని పేరు ఉచ్చరిస్తే మొగుని ఆయుష్షు తరుగుతదని మా అమ్మ చెప్పింది. ఏమయ్యా, ఇనవడ్డదా, గంతే నా పిలుపు. ఓటర్ల పేర్లు రాసుకునేటోళ్లు వస్తే పక్కింటి పిల్లతోటి చెప్పిచ్చిన. ఊరంత హమీద్ హమీద్ అన్నప్పుడు, నేనొక్కదాన్ని ఆ పేరు అన్నా ఆయన ఇటు దిక్కు నిలిచేటోడేమో. అల్లా, ఇదేం రివాజు, పిలవనోళ్లకే మనిషి దక్కడాయె!

ఇంటికి పోయేసరికి మిట్ట మధ్యాహ్నం. సలికాలమైనా ఎండ సుర్రుమంటాంది. ఆయన వాకిట్ల చాప మీద అన్నం తింటాండు, అత్త ఇసురుతాంది. నేను బురఖా తీసి దండెం మీద ఏసి, కొంగు నెత్తి మీద కప్పుకోకుంట ఎదురుంగ నిలవడ్డ. ఆయన సిగ్గుపడి తల దించుకున్నడు. అత్తకు అర్థమైంది. ఇసనకర్ర పారేసి ఉరికొచ్చి నా నోరు మూసింది.

"వద్దు బిడ్డా, నీ కాళ్లు మొక్కుత. జర కొన్నాళ్లు ఉండనీ. పెండ్లి చెయ్యలే, వానికి ఏ ముచ్చటా తీర్చలే. నేను సచ్చేదాక ఉండనీ."

ఆ మాటకు నా గుండె కరిగింది, అబద్ధమెందుకు. కరిగింది గని, బండ మీద కూసున్నోడు నా మొగుడు. అత్త చెయ్యి ఇడిపిచ్చుకున్న.

"ఆజం!"

పేరు సగమే ఎల్లింది. ఆయన బుక్క నోటికాడ ఆపిండు. ఈసారి వాడంత ఇనవడేటట్టు మొత్తుకున్న. "ఆజం! ఓ ఆజం! ఇంటికి రా!"

ఆయన బుక్క పళ్లెంల పెట్టిండు. అత్త దిక్కు తిరిగిండు. ఆ ఎండల ఆయన నోట్లకెల్లి సలికాలం తెల్లారుజామున వచ్చినట్టు తెల్లటి ఆవిరి వచ్చింది. "అమ్మీ, పానం జాగ్రత్త" అన్నడు బావ. గంతే, తల వాలిపోయింది.

నేను పోయి పట్టుకున్న. చేతులు మంచుగడ్డలు. గోర్లు నీలం. పండ్లు టకటక కొట్టుకుంటున్నయి. కండ్లు తెరిచి నన్ను సూసిండు, నేరుగ నా మొకంలకే సూసిండు.

"తాహేరా... ఎంత సేపాయెనే కూసొని. ఒక్కసారన్న పిలువకపోతివి."

వాకిట్ల, అందరు సూస్తుండంగ, సిగ్గు లజ్జ లేకుంట ఆయనను కావలిచ్చుకొని ఏడ్చిన.

అప్పుడు ఎనక నుంచి ఒక శోకం లేసింది. బావను మట్టి పెట్టినప్పుడు ఏడువని అత్త, ఇప్పుడు నేల మీద పడి, రొమ్ము గుద్దుకొని, హమీద్, ఓ హమీద్ అని పొర్లి పొర్లి ఏడుస్తాంది. నా చేతులల్ల మా ఆయన ఉలిక్కిపడి ఆ దిక్కు తల తిప్పవోయిండు. నేను రెండు చేతులతోటి ఆయన చెవులు మూసిన.

ఇది జరిగి చానేండ్లాయె. అత్త ఇంక ఉన్నది, అరుగు మీద కూసుంటది, నాతోటి మాట్లాడది. మా ఆయనను ఏ పేరుతోటీ పిలువది. సలి పడంగనే ఆమె పెదవులు కదులుతయి, ఆయన దిక్కే సూస్తది. పొయ్యి మీద కూర మాడిపోయినా సరే, నేను ఉరికొచ్చి ఆమె కన్నా ముందుగాల ఆజం అని పిలుస్త. ఆయన ఆఁ అనేదాక పిలుస్తనే ఉంట.