ఏటివైపు కాపలా

నోర్జ్‌మా ఇంటి బూడిదరంగు గుర్రానికి ఆరో ఏట విత్తులు తీయించారు. మామూలుగా రెండు మూడేళ్లకే తీయించేస్తారు. దాని పరుగు చూసి మురిసిపోయిన ఆమె భర్త ఈ ఏడు కాదు, పై ఏడు అంటూ దాటవేశాడు. ఆలోగా రెండు వసంతాలు అది ఆడగుర్రాల మందను ఏలింది. తీయించి ఏడాది దాటింది. ఇప్పుడు ఆయన లేడు. ఏలుబడి పోయిందని గుర్రానికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆడగుర్రం కనబడితే చాలు, మెడ నేలకు దించి, చెవులు వెనక్కి వాల్చి తోలుకుపోయేది. మందను కాసే నల్ల పోతుగుర్రం ఊరుకుంటుందా? రెండూ నెత్తురొచ్చేలా కొరుక్కున్నాయి.

పక్క గుడారం గోంబో గాయాలు చూసి నవ్వాడు. "చెల్లెమ్మా, మీ ఆయన సగం పనే చేయించినట్టున్నాడు. లోపలెక్కడో ఒక విత్తు దాక్కునుంది."

"నీ కళ్లు పొట్టలోకి కూడా చూస్తాయా అన్నా? డాక్టరమ్మని పిలు, ఆవిడే చెబుతుంది."

పశువుల డాక్టరు సువ్డా నెత్తురు తీసి పరీక్షకు పట్నం పంపింది. పది రోజులకు మళ్లీ వచ్చి, ఉప్పు టీ తాగుతూ చెప్పింది. "లోపల ఏమీ లేదక్కా. ఒంట్లోంచి పోయింది, బుర్రలోంచి పోలేదు. దానికి మందు లేదు. ఆడగుర్రాల వాసన కూడా తగలనంత దూరంలో ఉంచు."

నోర్జ్‌మా దాన్ని గుట్టకు ఆవల సవారీ గుర్రాల్లో కలిపి, ముంగాళ్లకు తోలు బంధం వేసింది.

ఆడగుర్రాలు ఈనే నెలలో, ఓ మధ్యాహ్నం ఉత్తరం నుంచి మంచు తుఫాను విరుచుకుపడింది. అలాంటి గాలికి మంద వీపు తిప్పి, అది తోసినవైపే నడుస్తుంది. ఆ వైపున ఏరుంది. పైన గడ్డకట్టిన మంచు అప్పటికే పుచ్చిపోయి, మేక నడిచినా కుంగేలా ఉంది. నోర్జ్‌మా రెండుసార్లు బయల్దేరింది. చేతిలో పట్టుకున్న పగ్గం కూడా కనబడక రెండుసార్లూ వెనక్కొచ్చింది.

తెల్లవారి గాలి ఆగింది. ఏటి దగ్గరికి వెళ్లిన నోర్జ్‌మా జీనుమీదే బిగుసుకుపోయింది.

ఇరవై మూడు ఆడగుర్రాలూ ఒడ్డుకు పదడుగుల ఇవతల ఒకదానికొకటి ఒరుసుకుని నిలబడి ఉన్నాయి. పిల్లలు మధ్యలో ఉన్నాయి. వాటిలో ఒకటి ఆ తుఫానులోనే పుట్టింది, ఇంకా తడారలేదు. గాలి వచ్చినవైపు నల్లది కాసింది. ఏటివైపు బూడిదరంగుది. ఒక ముంగాలికి తెగిన బంధం వేలాడుతోంది. అటూ ఇటూ తిరిగి తిరిగి అది తొక్కిన చోట మోకాలిలోతు మంచు పోయి నల్లమట్టి తేలింది. మందకూ ఏటికీ మధ్య నాగలిచాలులా ఒకే బాట. ఆ బాట దాటి ఒక్క గిట్ట గుర్తు కూడా లేదు.

నోర్జ్‌మా గుర్రం దిగింది. టోపీ తీసింది. ఎందుకు తీసిందో ఆమెకే తెలియదు.

"దేవుడా, ఇవేవీ దాని పిల్లలు కావే!" అంది పైకే, ఎవరూ లేకపోయినా.

పొద్దు పొడిచింది. అంతే, ఇద్దరు మొనగాళ్లూ మళ్లీ చెవులు వాల్చి కీచుమన్నారు. నోర్జ్‌మా తడి కళ్లతోనే పకపకా నవ్వి, బూడిదరంగు దాని మెడకు పగ్గం వేసింది. డాక్టరమ్మ మాట మాటే. దాని చోటు గుట్టకు ఆవలే.

తన గుర్రాన్ని వెనక నడిపిస్తూ, బూడిదరంగు దాని పక్కనే మంచులో కాలినడకన బయల్దేరింది. ఆ రోజు దాని ముందు జీనెక్కి కూర్చోవడానికి ఆమెకు మనసొప్పలేదు.