ఏ పచ్చ?

కుంచె మొనను పెదవుల మధ్య తడిపి సూదిలా సన్నగా చేసుకున్నాడు సిద్దిరాములు. ఎదురుగా వాలుబల్ల మీద ఒక ముసలాయన ఫోటో. ప్రాణం పోయాక కుర్చీలో కూర్చోబెట్టి, తల వాలిపోకుండా వెనక తువ్వాలు కట్టి తీసింది. మూసిన రెప్పల మీద ముందు తెల్లగుడ్డు గీయాలి. దాని మధ్య బూడిదరంగు వలయం, అందులో నల్లచుక్క, ఆ చుక్క పక్కన ఆవగింజలో సగమంత వెలుగు. ఆ వెలుగు పడేదాకా అది శవం. పడ్డాక ఇంటి పెద్ద. కుడికన్ను అయిపోయింది, ఎడమకంట్లో ఆ వెలుగొక్కటే మిగిలింది.

కరీంనగర్ బస్టాండు వెనక సందులోని ఈ స్టూడియోలో ఇరవై ఆరేళ్లుగా అతని పని అదే. చుట్టుపక్కల ఊళ్లలో అతన్ని కండ్ల సిద్దిరాములు అంటారు. పొట్టి మనిషి. బల్ల మీదికి వంగిన మెడ వంగినట్టే ఉండిపోయింది. కుంచె తడిపీ తడిపీ కింది పెదవి నడుమ ఒక బూడిద గీత పడింది. ఎంత తోమినా అది పోలేదు.

"గా పని పక్కకు పెట్టి ఇటు రా," అని ముందుగదిలోంచి యజమాని దామోదర్‌రావు పిలిచాడు. "దీని సంగతి జూడు."

నిన్న హైదరాబాదు నుంచి కంప్యూటరు వచ్చింది. దాని తెర బల్ల మీద సగం స్థలం ఆక్రమించి, ఎవరింటికో వచ్చి పెత్తనం చేసే చుట్టంలా కూర్చుంది. బిగించిన మనిషి ఒక అట్టముక్క ఇచ్చి వెళ్లాడు. అట్ట మీద రంగుల గళ్లు, తెర మీదా అవే గళ్లు. రెండూ ఒక్కతీరు కనిపించేదాకా తెర కింది మీటలు నొక్కుతూ సరిచేసుకోవాలి. లేకపోతే తెర మీద ఒక రంగు, కాగితం మీద ఒక రంగు వస్తుందని చెప్పాడు.

"నా కండ్లకు పొర వచ్చింది," అన్నాడు దామోదర్‌రావు. "గీ దుకాణంల కండ్లంటె నీయే."

"రామచంద్రం చేస్తడు గద సార్."

మూలన కెమెరా తుడుస్తున్న రామచంద్రం తల ఎత్తలేదు. "నాకేం పడ్డది? పేరు నీది. వచ్చినోళ్లు అడిగేది నిన్ను. చెయ్యి మరి."

ఇద్దరూ పంతొమ్మిదేళ్లుగా ఒకే కప్పు కింద పనిచేస్తున్నారు. ఒకరి సద్దిగిన్నెలోకి ఒకరు చూడకుండా తినడం అలవాటు చేసుకున్నారు. ఫోటో తీసేది తానైతే, జనం మెచ్చుకునేది వాడి చుక్కనని రామచంద్రం కడుపుమంట. ఆ మంటను సిద్దిరాములు రోజూ చూస్తూనే ఉన్నాడు. చూసి, లోలోపల కాస్త చలి కాచుకునేవాడు కూడా.

"జర ఇను," దామోదర్‌రావు గొంతు తగ్గించాడు. "దసరాకు వెనక అర్ర గోడ తీపిస్తున్న. కుంచె పని ఇగ ఉండదు. దీన్ని పట్టుకున్నవా, గీ కుర్చీ నీది. పట్టుకోలేదా, నేనేం జేసేది లేదు."

సిద్దిరాములు కుర్చీలో కూర్చున్నాడు.

తెర మీద గళ్లతో పాటు ఒక ఆడమనిషి ముఖం ఉంది. సుల్తానాబాద్ దగ్గరి పల్లె నుంచి కిష్టవ్వ అనే ఆమె మొన్న తెచ్చిన రంగుల పెళ్లిఫోటోలోంచి, కంప్యూటరు బిగించిన మనిషి తెరకెక్కించిన ముఖం. అది కిష్టవ్వ తల్లి. ఎల్లుండి పెద్దకర్మ. దుబాయి నుంచి తమ్ముడు దిగుతున్నాడట, పెద్ద ఫోటో రంగుల్లో కావాలట. "మా అవ్వ పచ్చచీర కట్టుకున్నది. పచ్చగ కనవడాలె," అని మరీ చెప్పి పోయింది.

మొదటి మీట మీద సూర్యుడి బొమ్మ. నొక్కాడు. వెలుగు పెరిగింది, ముఖం సున్నం కొట్టిన గోడలా అయింది. తగ్గించాడు. కనురెప్పల కింది నీడలోంచి ఒక్కొక్క వెంట్రుకా పైకి తేలింది. ఇంకొంచెం తగ్గించాడు. నల్లగుడ్డుకూ దాని చుట్టూ ఉన్న నలుపుకూ మధ్య, ఇంకెవరికీ దొరకని సన్నటి అంచు దొరికింది. అతని వేలు ఆగింది. తొలిసారి ఆ పెట్టె మీద ద్వేషం కాస్త సడలింది. నలుపు నుంచి తెలుపు దాకా ఎన్ని మెట్లున్నాయో అతనికి తెలిసినట్టు ఈ జిల్లాలో ఎవరికీ తెలియదు.

ఆ తర్వాతిది రంగుల మీట. నొక్కగానే తెర మీద మూడు గీతలు వచ్చాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం.

సిద్దిరాములు మీట మీంచి వేలు తీసేశాడు.

తొమ్మిదేళ్ల వయసులో బాపు మిరపచేనులో పండుకాయలు ఏరమన్నాడు. గంప నిండా తెంపాడు. బాపు గంప చూసి, అతన్ని చూసి, కర్ర తీసుకున్నాడు. సగం పచ్చికాయలు. కావాలని చేశాడనుకుని కొట్టాడు. అతనికి అన్ని కాయలూ ఒక్కలాగే కనిపించాయి. ఆ మాట చెబితే ఇంకా కొడతాడని చెప్పలేదు. ఆనాటి నుంచి ఇంకెవరికీ చెప్పలేదు.

రంగు పేరు చెప్పాల్సి వస్తే అతనికి ఒక మాట దొరికింది. పచ్చ. ఆకూ పచ్చే, పసుపూ పచ్చే, పండిన దోసకాయా పచ్చే, పైరూ పచ్చే, తెల్లటి మనిషినీ పచ్చటి మనిషనే అంటారు. ఎదుటివాడు తనకు కావలసింది తానే అనుకుంటాడు. ఎవరూ రెండో ప్రశ్న అడగరు. ఒక్క మాట చాటున ఒక మనిషి ఇంత కాలం నిలబడవచ్చని అతనే అనుకోలేదు.

పెళ్లయ్యాక భార్య బాలవ్వకు మాత్రం తెలిసిపోయింది. ఫోటోలు ఇంటికి తెచ్చుకుని చేత్తో రంగులు వేసే రోజుల్లో ఆమే రంగుసీసాల మెడలకు దారాలు కట్టింది. ఒక్క ముడి ఎరుపు, రెండు ముడులు పసుపు, మూడు ముడులు ఆకుపచ్చ. కట్టి, జీవితమంతా దెప్పింది. "గుడ్డోనికి ముడులేసి బతికిస్తున్న." ఒకసారి కొట్లాటలో ముడులు మార్చి కట్టింది. పెళ్లికూతురికి ఆకుపచ్చ పెదవులు వచ్చాయి. రంగు చెడిపోయిందని అబద్ధమాడి బయటపడ్డాడు. బాలవ్వ పోయి ఆరేళ్లయింది. అతను ఏడవలేదు. కానీ ముడులు వదులవుతాయని ఆ సీసాలను కడగడం మానేశాడు.

సీసాకైతే మెడ ఉంది. తెరకు దారం ఎక్కడ కట్టాలి?

గీతలకు పేర్లున్నాయి, నిజమే. ఏది ఎంత ఉండాలో మాత్రం ఏ పేరూ చెప్పదు. మధ్యాహ్నం సద్ది విప్పకుండా అట్టను తెర పక్కన పెట్టి నొక్కుతూ పోయాడు. ఎరుపు తగ్గించాడు, ఆకుపచ్చ పెంచాడు. గళ్లు కలిసినట్టే ఉన్నాయి. మళ్లీ మార్చాడు. అప్పుడూ కలిసినట్టే ఉన్నాయి. ఎక్కడ నొక్కినా సరిపోతోంది. అదే భయం. చివరికి చెయ్యి నొప్పి పుట్టినచోట ఆపాడు.

నాలుగింటికి కిష్టవ్వ వచ్చింది. పొలం నుంచి నేరుగా వచ్చినట్టుంది, కాళ్లకు మట్టి. తెర ముందు నిలబడి కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని చూసింది.

"గిదెవరు?"

"మీ అవ్వనే," అన్నాడు సిద్దిరాములు.

"మా అవ్వ పాము కరిచి సచ్చిందని నీకెవలు చెప్పిండ్రు?"

రామచంద్రం కెమెరా కింద పెట్టి వచ్చాడు. తెర చూశాడు. ఆ తర్వాత తెరను వదిలి సిద్దిరాములు ముఖాన్నే చూడసాగాడు.

"పచ్చచీర అని చెప్పినవు గదమ్మా," సిద్దిరాములు అన్నాడు. "పచ్చనే ఉన్నది."

"పసుపుచీర నాయినా. గీ ఆకుచీర నువ్వు కట్టినవా మా అవ్వకు? ముఖం సుత ఆకు తీరుగనే ఉన్నది. గిది గోడకు పెడితే మా తమ్ముడు నన్ను ఊళ్లెకు రానియ్యడు."

రామచంద్రం తన జేబులోని పెన్ను తీసి బల్ల మీద పెట్టాడు. చాలా నెమ్మదిగా, పిల్లవాణ్ని అడిగినట్టు అడిగాడు. "సిద్దిరాములూ, గీ మూత ఏం రంగు?"

సిద్దిరాములు పెన్ను చేతిలోకి తీసుకుని, మళ్లీ బల్ల మీద పెట్టాడు.

"పచ్చ."

"ఏ పచ్చ?"

ఇరవై ఆరేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. సిద్దిరాములు మూత వంక చూశాడు. బూడిద పెదవి కదిలింది.

"ఎర్రది," అన్నాడు రామచంద్రం. "సార్, గిది ఎర్రమూత. గీయన కండ్లకు మొదటి సంది రంగులే తెల్వయి. పంతొమ్మిదేండ్ల సంది గుడ్డోని కింద ఉన్న నేను."

దామోదర్‌రావు పెన్నును పొర కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూసి, తిరిగి బల్ల మీద పెట్టాడు. "నిజమానయ్యా?"

"నిజమే సార్."

అంత తేలిగ్గా నోట్లోంచి వస్తుందని అతనికి తెలియదు.

"చెప్పక మమ్ములను పిచ్చోళ్లను చేసినవు," అన్నాడు దామోదర్‌రావు.

రామచంద్రం వంగి తెర కింద ఒక మీటను గట్టిగా నొక్కి పట్టాడు. బిగించినవాడు పోతూ పోతూ అతనికి చూపించినట్టుంది. తెర ఒక్కసారి నల్లబడి, వెలిగింది. అన్నీ కొన్ననాటి లెక్కకు వచ్చేశాయి. చీర పసుపు తేలింది.

"ఇగో, గిది మా అవ్వ," అంది కిష్టవ్వ. "గిది చేసియ్యిండ్రి."

అందరూ చీరను చూస్తున్నారు. సిద్దిరాములు కళ్లను చూశాడు. పొద్దున తాను దొరకబట్టిన సన్నటి అంచు పోయింది. నల్లగుడ్డు నీడలో కలిసిపోయింది. రంగులన్నీ వచ్చాయి, ముసలమ్మ చూపు మునిగిపోయింది. చెప్పడానికి నోరు తెరిచాడు. ఎవరికి చెప్పాలి? రంగు తెలియనివాడికి నలుపు తెలుసంటే నమ్మేదెవరు? నోరు మూసుకున్నాడు. అలా మూసుకోవడంలో ఒక కసి ఉంది, ఆ కసి అతనికి బాగుంది.

వెనక అర్రలోకి వెళ్లి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. వాలుబల్ల మీది ముసలాయనకు ఎడమకంటి వెలుగు ఇంకా పడలేదు. కుంచె అందుకుని, పెదవుల మధ్య తడిపి, వెలుగు పెట్టాడు. కుంచెను జేబులో పెట్టుకుని, సద్దిగిన్నె చంకన పెట్టుకుని, పక్కతలుపు గుండా సందులోకి దిగాడు. వాన తుంపర పడుతోంది. బస్టాండు వైపు నడిచాడు. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. దామోదర్‌రావు కబురు పెట్టలేదు.

దసరాకు ముందు గోడ తీసేటప్పుడు అలమరలో రంగుసీసాలు బయటపడ్డాయి. పారేద్దామని చెయ్యి చాచిన రామచంద్రం, వాటి మెడలకున్న నల్లదారాలు చూసి చెయ్యి వెనక్కు తీసుకున్నాడు.

"ముడులేసి ఉన్నయి సార్. మంత్రించినట్టున్నడు."

"ముట్టకు," అన్నాడు దామోదర్‌రావు.

గోడ పోయింది, అలమర పోయింది. గోడ కూల్చిన కూలివాడు తెచ్చిపెట్టిన చోటే, ముందుగదిలో తెర వెనక కిటికీ గట్టు మీద, ఇంకెవరూ తాకని మూడు సీసాలు మాత్రం దుమ్ము పట్టి అలాగే ఉన్నాయి. ఒక్క ముడి, రెండు ముడులు, మూడు ముడులు.