మధ్య సీటు కింది గూని

నేను ఒక కారుని. అందులోనూ గూని ఉన్న కారుని.

బయటినుంచి చూస్తే మీకది కనబడదు. బూడిదరంగు ఒళ్ళు, నాలుగు తలుపులు, వెనక డిక్కీ, పెళ్ళిచూపులకు వేసుకెళ్ళినా పరువు తీయని ముఖం. కానీ వెనక తలుపు తీసి కిందికి చూడండి. కాళ్ళు పెట్టుకునే చోట, సరిగ్గా మధ్యలో, ఒక గట్టు లేచి ఉంటుంది. మామూలు కార్లలో ఇంజను రెండు చక్రాలనే తిప్పుతుంది, మిగతా రెండూ అత్తారింటికి వచ్చిన అల్లుళ్ళలా ఊరికే వెంట తిరుగుతాయి. నాకు మాత్రం పొట్టకింద ముందునుంచి వెనకదాకా ఒక ఇనుప కడ్డీ ఉంది. ముందు చక్రాలు జారితే ఆ కడ్డీ గిర్రున తిరిగి వెనక చక్రాలకూ బలం పంచుతుంది. అది వెళ్ళడానికి దారి కావాలి కదా, ఆ గట్టు అందుకే. మధ్యలో కూర్చున్నవాళ్ళు మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని నన్ను తయారుచేసినవాళ్ళను తిట్టుకుంటారు. ఆ తిట్లు నాకు అలవాటే.

నన్ను మొదట కొన్నది హైదరాబాదులో ఒక స్టీలు సామాన్ల వ్యాపారి. నాలుగు చక్రాలకూ ఇంజను బలం ఉందని నా బానెట్ మీద చెయ్యివేసి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. అంత బలాన్నీ తీసుకువెళ్ళి ఫంక్షన్ హాళ్ళ ముందు పార్కు చేసేవాడు. ఆయన దగ్గర ఉన్నన్నాళ్ళూ నేను ఎక్కిన ఎత్తల్లా ఒక ఫ్లైఓవరు. కొన్నాళ్ళకు ఆయనకు ఇంకా పొడుగాటి కారు మీద మనసు పడింది, నన్ను అమ్మకానికి పెట్టాడు.

అప్పుడు వచ్చారు సన్యాసిరావు, నిర్మల. విశాఖ మన్యంలోని చింతపల్లి నుంచి. ఆయన కరెంటు ఆఫీసులో ఇంజనీరు, ఆమె కొండమీద బడిలో టీచరు. ఆయన నా సీట్లు తడిమి, ఏసీ వేసి, పాటలు పెట్టి చూశాడు. ఆమె మాత్రం చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, నేలమీద వంగి, నా పొట్టకింద చూసింది. కడ్డీ కనబడగానే లేచి చేతులు దులుపుకుంది.

"ఇదే కావాలి. వానాకాలం మన బళ్ళన్నీ బురదలో కూర్చుండిపోతున్నాయి" అంది.

నన్ను నన్నుగా చూసిన మొదటి మనిషి ఆవిడ. కానీ ఏం లాభం, తోలేది సన్యాసిరావు. చినుకు పడితే షెడ్డులో పెట్టేవాడు, రోడ్డుమీద కాస్త తడి కనబడితే వెనక్కి తిప్పేవాడు. మట్టి అంటితే తన లుంగీతో తుడిచేవాడు. "మట్టిలో తిరగడానికి కొన్నాం గానీ ముద్దులాడుకోడానికేటి?" అని నిర్మల నవ్వేది. ఆమె చోటు ముందు సీటు. అద్దం దించి, మోచెయ్యి బయటపెట్టి, ఘాట్ రోడ్డు మలుపుల్లో పిల్లలకు ఎక్కాలు అప్పగించేది. వెనక కూతురు యామిని, కొడుకు సంతు. వాళ్ళిద్దరి మధ్యా గూని ఖాళీగా ఉండేది. దానిమీద జంతికల డబ్బా పెట్టేవారు.

ఒక వానాకాలం నిర్మలకు జ్వరం వచ్చింది. విశాఖపట్నం ఆసుపత్రికి నేనే తీసుకువెళ్ళాను. తిరిగి తీసుకురాలేదు. కారుకు ఏడుపేమిటని మీరు అనుకోవచ్చు. చాలా రోజులు నాకు సెల్ఫ్ సరిగ్గా అందుకోలేదు. మెకానిక్కు బ్యాటరీ అన్నాడు, అలాగే కానివ్వమనుకున్నాను.

పెద్దవాళ్ళు ఊరుకుంటారా? పిల్లలకు దిక్కెవరంటూ సంబంధం చూశారు. పేరు సన్యాసిరావైనా రెండో పెళ్ళికి తలవంచక తప్పలేదు. పిల్ల పేరు ఉషారాణి, అనకాపల్లిలో పిల్లల బట్టలు కుట్టేది. సింహాచలంలో దండలు మార్చుకుని మెట్లు దిగి వచ్చారు. ఆయన నా తాళం తీశాడు. ఉషారాణి ముందు తలుపు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి సందులోంచే యామిని దూరి, తన స్కూలు బ్యాగును ముందు సీటులో పెట్టి, దానికి బెల్టు కూడా బిగించింది. ఎందుకంటే ఆ సీటులో బరువు పడి బెల్టు లేకపోతే నేను కీచుకీచుమని అరుస్తాను. హారను తోలేవాళ్ళది, దేవుడు నాకిచ్చిన నోరు అదొక్కటే.

సన్యాసిరావు అద్దం సర్దుకున్నాడు, అది బాగానే ఉన్నా. పిల్లలు చెరొక కిటికీ పట్టుకున్నారు. కొత్త పెళ్ళికూతురు పట్టుచీర దగ్గరగా లాక్కుని, మధ్యలోకి ఎక్కి, గూనికి అటొక పాదం ఇటొక పాదం పెట్టుకుంది.

ఆ రోజు మొదలు అదే ఆమె చోటైపోయింది. సంతకు వెళ్ళినా, పేరంటానికి వెళ్ళినా, ముందు బ్యాగు, వెనక భార్య. చెక్‌పోస్టు దగ్గర పోలీసాయన సన్యాసిరావును డ్రైవరనుకుని, "ఓనరు ఎవరు?" అని అడిగాడు. అప్పుడు కూడా ఆయన యామినిని బ్యాగు తియ్యమనలేదు. తల్లిలేని పిల్లను ఏమైనా అంటే పాపమని ఆయన భయం. ఆ భయంతో ఇంకొకరి మోకాళ్ళు అరిగిపోతున్నాయని ఆయనకు తోచలేదు. మంచివాళ్ళతో వచ్చిన చిక్కే ఇది.

సంతుగాడు వారం తిరక్కుండానే పిన్నీ పిన్నీ అంటూ ఆమె భుజంమీద నిద్రపోవడం మొదలుపెట్టాడు. యామిని మాత్రం ఏ వరసా పెట్టలేదు. "అన్నం అయిందా?" అని గోడను అడిగినట్టు అడిగేది. "ఒరే సంతూ, నా చున్నీ ఎక్కడుందో కనుక్కో" అని ఉషారాణి పక్కనే నిలబడి చెప్పేది. పదో తరగతిలోకి వచ్చిన పిల్ల, తెలివైనది, ఒక్క మాట పొరపాటున కూడా జారనివ్వలేదు. వేసవి సెలవుల్లో తండ్రి దగ్గరికి వచ్చి, "విశాఖలో హాస్టల్లో చేరిపోతాను. ఇక్కడుంటే చదువు సాగదు" అంది. ఆయన అప్పటికీ అద్దమే సర్దుకున్నాడు. ఈసారి ముఖం చూసుకునే అద్దం.

ఆ మధ్యాహ్నం ఉషారాణి షెడ్డులోకి వచ్చి నాలో కూర్చుని తలుపు వేసుకుంది. ఇంట్లో ఏడవడానికి చోటు లేకపోతే ఆడవాళ్ళు వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతారట. ఈమెకు నేను దొరికాను. కారంతా ఖాళీ, ముందు సీటులో బ్యాగు కూడా లేదు. అయినా వచ్చి మధ్యలోనే కూర్చుంది. అది చూసి నాకు ప్రాణం ఉసూరుమంది.

"అక్కా, ఆ యామిని గుంట ఎల్లిపోతే నాను తరిమేసినట్టే కదే" అంది ఫోనులో. "చదువుకే ఎల్తే ఎల్లనీ, బాధ లేదు. నా మీద కోపంతో ఎల్తే, ఇంక ఈ ఇంట్లో నాను ఏ మొహంతో ఉండాలి?"

జూన్ నెల వచ్చింది. హాస్టల్లో చేర్చే రోజుకు ముందునుంచే వాన పట్టుకుంది. పొద్దున్న కాస్త తెరపి ఇవ్వగానే ట్రంకుపెట్టె డిక్కీలో పెట్టి బయలుదేరారు. ముందు సీటులో యథాప్రకారం బ్యాగు. లంబసింగి దాటి ఘాట్ దిగుతుండగా వాన మళ్ళీ అందుకుంది. ఒక మలుపు తిరిగేసరికి కొండ జారి, ఎర్రమట్టి రోడ్డంతా పరుచుకుని ఉంది. సన్యాసిరావు అలవాటు ప్రకారం వెనక్కి తిప్పబోయాడు. అంతలో మేము దాటివచ్చిన చోట పెద్ద చెట్టు ఒకటి అడ్డంగా పడింది. పైనుంచి గులకరాళ్ళు ఇంకా రాలుతున్నాయి. అక్కడే ఉంటే కొండ ఎప్పుడు మీదికి వస్తుందో తెలియదు. మిగిలిన దారి ముందుకే.

మనవాళ్ళకు బండి దిగబడితే మొదట తోచేది ఒక్కటే.

"అందరూ దిగిపోండి, బరువు తగ్గుతాది" అన్నాడు సన్యాసిరావు.

అందరూ వానలో దిగారు. ఆయన నన్ను బురదలోకి దింపి, భయంకొద్దీ పాదం నేలకంటా తొక్కేశాడు. నేనేం చెయ్యను? అంత గట్టిగా తొక్కితే నాలుగు చక్రాలూ ఒక్కసారే జారిపోతాయి, నా లోపలి తెలివి కంగారుపడి ఇంజను బలం తగ్గించేస్తుంది. ఆయన ఇంకా తొక్కాడు, నేను ఇంకా కూరుకుపోయాను. ఇన్నేళ్ళు కూడబెట్టుకున్న గొప్పంతా ఆ బురదలో పోయేలా ఉంది.

ఉషారాణి కిటికీ దగ్గరికి వచ్చింది. చీరకొంగు నడుముకు దోపుకుంది.

"అలా తొక్కకండి. మెల్లగా తొక్కినప్పుడు వెనక్కి బలం వస్తాది. అది వచ్చేటప్పుడు గట్టు గుర్రుమంటాది, నా కాళ్ళకి తెలుస్తాది."

"నీకెలా తెల్సు?"

"ఏడాదినుంచీ దానిమీదే కదా కూకున్నాను" అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. లేకపోబట్టే ఆయన తల దించుకున్నాడు.

రోడ్డు అంచు ఎక్కడుందో బురదలో తెలియడం లేదు. ఎడమవైపు లోయ. ఎవరో ముందు నడిచి దారి చూపించాలి. తండ్రి స్టీరింగు వదిలితే తోలేవాళ్ళు లేరు. ఉషారాణి పిల్లలవైపు తిరిగింది.

"యామినీ, నువ్వు ఎక్కి నా చోట్లో కూకో. సంతుని పట్టుకో. చెప్పులు తీసి పాదాలు గట్టుమీద ఆనించు. గుర్రుమన్నప్పుడు అలాగే ఉంచమని నాన్నకి చెప్పు, ఆగిపోతే తగ్గించమను. బేగి."

యామిని మారుమాట్లాడకుండా ఎక్కింది. ఏడాదిలో మొదటిసారి ఆ పిల్ల అక్కడ కూర్చుంది. మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అటూ ఇటూ జరిగింది. ముందుకు వంగితే ముందు సీట్ల అంచులు తగులుతాయి, వెనక్కి వాలితే నడుము నిలవదు. తర్వాత బోసిపాదాలు తెచ్చి నా గూనిమీద పెట్టింది. చల్లగా, తడిగా ఉన్నాయి.

సన్యాసిరావు మెల్లగా తొక్కాడు. ముందు చక్రాలు కాస్త జారాయి. నా కడ్డీ తిరిగింది.

"నాన్నా, వస్తంది! అలాగే ఉంచు."

కదిలాను. ఎన్నాళ్ళకు, ఎన్నేళ్ళకు! వెనక చక్రాలు మట్టిని కరిచిపట్టుకుని నన్ను జానెడు జానెడు నెట్టాయి. ఎదురుగా వానలో ఉషారాణి, పాదాలతో నేల తడుముకుంటూ, చేతులతో ఇటు అటు అని చూపిస్తూ వెనక్కి నడుస్తోంది. ఆమె కళ్ళు నా చక్రాల మీదే. తన వెనక ఏముందో చూసుకోవడం లేదు. ఒక్కొక్క అడుగూ లోయవైపు జరుగుతోంది. నాకు తెలుస్తోంది. చెప్పడానికి నోరేది? ఉన్న ఒక్క నోరూ బెల్టుకే.

ఆమె మడమ కింద మట్టిపెళ్ళ ఒకటి విరిగి కిందికి జారింది.

"పిన్నీ! వెనక అంచు! ఇటు రా, ఇటు!"

యామిని గొంతు. అద్దాలు మూసి ఉన్నా కొండకు వినబడేంత గొంతు. ఉషారాణి ఉలిక్కిపడి కొండవైపు దూకింది, మోకాళ్ళమీద పడింది, లేచింది. లేచి నావైపు చూసింది. ఆ చూపు నామీద కాదు, నా అద్దంలోంచి వెనక్కి. వాన ముఖంమీద పడుతుంటే తుడుచుకోవడం మరిచిపోయింది. తర్వాత మళ్ళీ చెయ్యి ఎత్తి, ఈసారి రోడ్డు మధ్యన నిలబడి, రమ్మంది.

దాటేశాం. గట్టి రోడ్డు తగిలింది. సన్యాసిరావు ఇంజను ఆపి స్టీరింగుమీద తల ఆనించాడు. ఉషారాణి వచ్చి వెనక తలుపు తీసింది, నడుముదాకా బురద. యామిని అప్పటికే ముందుకు వంగి బ్యాగుకున్న బెల్టు విప్పుతోంది. బ్యాగును లాగి తన ఒళ్ళో పెట్టుకుంది.

"ముందు కూర్చో" అంది, ఆమె ముఖంలోకి చూడకుండా.

"బురదమ్మా. సీటు పాడైపోద్ది."

"అవనీ" అన్నాడు సన్యాసిరావు. లుంగీతో నన్ను తుడిచిన మనిషి ఆ మాట అన్నాడంటే మీరు నమ్మాలి.

అలా ఆమె మొదటిసారి ముందు కూర్చుంది. యామిని హాస్టల్ మానేసిందనుకుంటున్నారా? లేదు, చేరింది. అక్కడి చదువు నిజంగానే మంచిది. ట్రంకుపెట్టె దింపారు, సంతు ఏడ్చాడు, సన్యాసిరావు పెట్టె తాళంచెవి యామిని చేతిలో పెట్టాడు. బయలుదేరేటప్పుడు ఉషారాణి మామూలుగా వెనక తలుపు దగ్గరికే వెళ్ళింది. గేటులోపలికి వెళ్ళబోతున్న పిల్ల ఆగి వెనక్కి వచ్చింది.

"పిన్నీ, బ్యాగు నాతో వచ్చేసింది కదా. మళ్ళీ వెనక ఎందుకు కూర్చుంటున్నావ్?"

ఉషారాణి వెనక తలుపు వేసేసింది. తర్వాత ముందు తలుపు తీసుకుంది.

దసరా సెలవులకు యామినిని తీసుకురావడానికి మేమందరం వెళ్ళాం. నవమినాడు ఆయుధపూజ. సన్యాసిరావు నన్ను కడిగాడు, సంతు నిమ్మకాయలు పెట్టాడు, ఉషారాణి చక్రాలకు పసుపు రాసి బొట్లు పెట్టింది. చివర్లో యామిని కుంకుమ గిన్నె అందుకుని వెనక తలుపు తీసింది. వంగి నా గూనిమీద ఒక బొట్టు పెట్టింది. ఇన్నేళ్ళ నా బతుకులో దానికి తిట్లు తప్ప బొట్టు పెట్టినవాళ్ళు లేరు.

"అక్కడెవరైనా పెడతారేటే?" అన్నాడు సన్యాసిరావు.

"నేను పెడతాను" అంది ఆ పిల్ల.

అందరూ ఎక్కారు. వెనక సంతు ఒక్కడే, రెండో కిటికీ ఖాళీ. అయినా యామిని మధ్యలోకి జరిగి, చెప్పులు విప్పి, పాదాలు బొట్టు చెరగకుండా అటొకటి ఇటొకటి పెట్టుకుంది. నిమ్మకాయలు నలిగాయి. నేను కదిలానో లేదో, ముందు సీటులో బెల్టు లేదని కీచుకీచుమని మొదలుపెట్టాను.

"పిన్నీ, బెల్టు" అంది యామిని.

ఉషారాణి బెల్టు పెట్టుకుంది. నేను నోరు మూసుకున్నాను.