మంచు బరువు

మునివెంకటప్పకు చిత్తూరులో మామిడి మండీ ఉంది. పోయిన తండ్రి పేరు మీద ఏదైనా చేద్దామంటే, భార్య సుబ్బులమ్మ అన్నదానం పెట్టమంది.

"అన్నం అందరూ పెడతారు. మా నాయన పేరు సదువుకున్నోళ్ల నోట్లో పడల్ల" అన్నాడు.

అలా తిరుమలయ్య ఫౌండేషన్ పుట్టింది. ఏటా ఒక పరిశోధనకు అవార్డు, గెలిచినవారి ఉపన్యాసం. అర్థశాస్త్రమే ఎందుకంటే, ఎంపిక చేయడానికి దొరికిన రిటైర్డ్ లెక్చరర్ కృష్ణమూర్తి చెప్పింది ఆ సబ్జెక్టే.

మొదటి అవార్డు తిరుపతిలో పీహెచ్‌డీ చేస్తున్న లోకేశ్వరికి వచ్చింది. ఇంగ్లీషులో రెండు వందల పేజీలు. మునివెంకటప్ప దాన్ని చేత్తో పట్టుకుని, బరువు చూసి సంతోషించి, ఆమెకు ఫోన్ చేశాడు.

"ఉపన్యాసం మాత్రం తెలుగులో సెప్పుమ్మా. ఐరాల నుంచి మా రైతులు రెండు బస్సుల్లో వస్తా ఉండారు."

"అట్లే సార్" అందామె. పక్కనున్న కృష్ణమూర్తి ఏదో చెప్పబోయి దగ్గాడు.

హాలు నిండింది. లోకేశ్వరి మామిడి తూకాల గురించి మొదలుపెట్టింది. టన్నుకు ఎంత తరుగు తీస్తున్నారో మూడు సీజన్లు మండీల్లో నిలబడి రాసుకుందట. పేర్లు బయటపెట్టకూడదు గనుక వ్యాపారులకు అక్షరాలు పెట్టింది.

"అందరికన్నా ఎక్కువ తీసేది 'గ' వ్యాపారి. అడిగితే కాయ మీద మంచు బరువంటాడు. జూన్‌లో, మధ్యాహ్నం రెండు గంటలకు కూడా."

వెనక వరసల్లో ఎవరో నవ్వారు. ధనంజయ అనే రైతు లేచాడు.

"పాపా, ఆయన తూకం కాడ కూసోని సెనిక్కాయలు తింటా ఉంటాడా?"

"పేరు చెప్పకూడదండీ."

"పేరొద్దు. సెనిక్కాయలు తింటాడా, లేదా?"

లోకేశ్వరి కాగితాల్లో వెతికింది. అది పరిశోధనలో లేదు. కానీ చూసింది కదా.

"తింటాడు" అంది.

హాలంతా ఘొల్లుమంది. వేదిక మీద శాలువా పట్టుకున్న మునివెంకటప్పకు చెవులు కాలిపోయాయి. మూడేళ్లు తన మండీలో నిలబడిన పిల్ల ఈమేనని ఇప్పుడు గుర్తొచ్చింది; బ్యాంకు మనిషనుకుని టీ కూడా ఇప్పించాడు. సుబ్బులమ్మ తలవంచుకుని ఉంటుందనుకుని ముందు వరసలోకి చూస్తే, ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"ముందే సెప్పల్ల గదప్పా" అని మునివెంకటప్ప పక్కనే కూర్చున్న కృష్ణమూర్తి చెవిలో గొణిగాడు.

"సెప్తే మార్సమంటావని భయపడినాను. వచ్చినవాట్లో ఇదే మంచిది."

మునివెంకటప్ప మైకు అందుకున్నాడు. "ఆ 'గ' నేనే."

"తెలుసులే అన్నా" అన్నారు రైతులు.

"మంచు మాట మా నాయన నేర్పినాడు. ఎండలో మంచు యాడిదని నేనెప్పుడూ అనుకోలా. ఈ సీజను నుంచి ఆ తరుగు తియ్యను." లోకేశ్వరికి శాలువా అందించాడు.

తరుగు తియ్యనని అందరి ముందూ అన్నందుకు, మర్నాడు పక్క మండీల వాళ్లు నలుగురు కోపంగా వచ్చారు. మునివెంకటప్ప ఏమీ వాదించకుండా ఆ రెండు వందల పేజీలూ వాళ్ల ముందు పెట్టాడు.

"మీరు కూడా ఇందులో ఉండారు. యాడ ఉండారో ఎతుక్కోండి."

ఇంగ్లీషు రాని ఆ నలుగురూ కృష్ణమూర్తికి కబురు పెట్టి, ఆయన వచ్చి చదివి వినిపించేదాకా మండీలోనే కూర్చున్నారు.