స్టోర్‌రూమ్ అని చూపించిన గది

ఇల్లు కట్టి చూడమన్నారు, పెళ్లి చేసి చూడమన్నారు గానీ, ఏజెంటును పెట్టుకుని ఇల్లు కొని చూడమని పెద్దవాళ్లెవరూ అనలేదు. వాళ్ల కాలంలో ఏజెంట్లు లేకపోబట్టే అనలేదని డ్రైవరమ్మ అభిప్రాయం.

డ్రైవరమ్మ అంటే పద్నాలుగో నంబరు బస్సు నడిపే ఆవిడ. పదహారేళ్ల సర్వీసు. మొదట్లో డిపోలో ఎవరో వెటకారానికి పెట్టిన పేరు, కాలక్రమేణా ఇంటిపేరుకంటే గట్టిగా అతుక్కుపోయింది. భర్త టైలరు. నోట్లో నాలుక లేని మనిషి. గజం బట్ట ఎక్కువ అడగడానికి కూడా మొహమాటపడి, ఉన్నదాంట్లోనే సర్ది కుట్టే రకం. ఒక్కతే కూతురు, పదో తరగతి. వాళ్లుండేది రెండు గదుల అద్దె ఇల్లు. వంటింటి గోడకు ఆనుకుని కుట్టుమిషను, మిషను పక్కనే గ్యాసు పొయ్యి, పొయ్యి పక్కన కూతురి పుస్తకాలు. పొంగిన పాలు లెక్కల నోటుబుక్కు మీద పడిన రోజున ఇక ఇల్లు కొనాల్సిందేనని ఆవిడ తేల్చేసింది.

ఏజెంటును ఎవరో డిపోలోనే చెప్పారు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, చెవిలో ఎప్పుడూ ఫోను, మాట వింటే చెవుల్లో తేనె పోసినట్టుండేది. మొదటిరోజే కూతురు అతనికి తేనెసీసా అని పేరు పెట్టింది. ఇల్లు కొనడానికి లోను తీసుకునేది డ్రైవరమ్మ అయినా, అతను మాత్రం ప్రతి మాటా టైలరు మొహంలోకే చూసి చెప్పేవాడు. "సార్, మీలాంటివాళ్లకే ఇలాంటి ఇల్లు దక్కాలి సార్." అప్పటికే పదకొండు ఇళ్లు చూసి కాళ్లరిగిపోయి ఉన్నారేమో, ఆవిడ కూడా చూసీచూడనట్టు ఊరుకుంది.

పన్నెండో ఇల్లు పద్నాలుగో నంబరు దారిలోనే, ఒక సందు చివర ఉంది. పచ్చ రంగు ఇనుప గేటు, ముందు చిన్న వరండా, రెండు గదులు, వంటిల్లు. వంటింటి వెనక ఇంకో తలుపు, దానికి తాళం.

"ఇదేంటండీ?" అని అడిగింది డ్రైవరమ్మ.

"స్టోర్‌రూమ్ సార్," అన్నాడు తేనెసీసా టైలరుతో. "తాళంచెవి ఓనరమ్మ దగ్గరే ఉండిపోయింది. పెద్ద గది. రెండు కిటికీలు. సార్ మిషను అక్కడ వేసుకుంటే రాజాలా కుట్టుకోవచ్చు."

"స్టోర్‌రూమ్‌కి రెండు కిటికీలెందుకు?"

"పాతకాలం కట్టడం మేడమ్. అప్పట్లో సామాన్లకి కూడా గాలి కావాలనేవాళ్లు."

ఆ జవాబుకి అందరూ నవ్వారు. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా తర్వాత చాలాకాలం ఆవిడకు తనమీద తనకే కోపం వచ్చేది.

రెండోసారి కూతుర్ని తీసుకుని వెళ్లారు. రెండుసార్లూ ఆదివారం పదకొండింటికే. మధ్యలో ఒక సాయంత్రం చూస్తామంటే, ఆ వేళకు వెలుతురు బాగుండదన్నాడు. "ఇంకెవరికీ చూపించను మేడమ్, ఇది మీ పేరుమీదే రాసిపెట్టి ఉంది," అని కూడా అన్నాడు. లోను మంజూరైంది. నెలాఖరు శనివారం అగ్రిమెంటు మీద సంతకాలనుకున్నారు. ఆ నెల ఆదివారాల్లో మిగిలిన రెండూ ఆవిడకు డ్యూటీ పడ్డాయి.

ఆ సందు మొదట్లో ఒక బస్‌స్టాపు ఉంది. ముందుగా వచ్చేసిన బస్సు అక్కడ కాసేపు ఆగి, టైముకు బయల్దేరాలి. మొదటి డ్యూటీ ఆదివారం అక్కడ బెంచీమీద ఒక ఆవిడ కూర్చుని కనిపించింది. యాభై ఏళ్లుంటాయి. ఒళ్లో మడతపెట్టిన కాగితాల దొంతర, చేతిలో సూది. డ్రైవరమ్మ తలుపు తెరిచింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. గంటంపావు తర్వాత తిరుగు ట్రిప్పులో చూస్తే అక్కడే ఉంది. మళ్లీ తలుపు, మళ్లీ అదే తల ఊపడం. ఎక్కే ఉద్దేశం లేకుండా స్టాపులో కూర్చునే మనిషంటే డ్రైవర్లకు ఒళ్లుమంట. ప్రతిసారీ బ్రేకు తొక్కాలి, తలుపు తెరవాలి, వెనకున్నవాళ్లు గొణుగుతారు.

రెండో ఆదివారం తుంపర పడుతోంది. అదే ఆవిడ, గొడుగు మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకుని, కాగితాల దొంతరను చీరకొంగుతో కప్పుకుని కుడుతోంది. బస్సు మూడు నిమిషాలు ముందుంది. డ్రైవరమ్మ హ్యాండ్‌బ్రేకు లాగి, తలుపులోంచే అడిగింది.

"ఏమ్మా, ఎక్కవు, కదలవు. ఈ వానలో ఎవరికోసం కూర్చున్నావు?"

"ఎవరికోసమూ కాదమ్మా. ఇల్లు చూడ్డానికి మనుషులొచ్చారు. వాళ్లెళ్లేదాకా లోపలికి రావద్దన్నారు."

"ఏ ఇల్లు?"

"ఆ చివరిది. పచ్చ గేటు."

డ్రైవరమ్మ చేయి స్టీరింగు మీదే ఉండిపోయింది. "ఆ ఇంట్లో ఎవరూ లేరుగా?"

"వెనక గదిలో నేనుంటానమ్మా. ఆరేళ్ల నుంచి."

టైమైపోయింది. వెనక ఎవరో గంట కొట్టారు. డ్రైవరమ్మ బస్సు కదిలించింది గానీ, ఆ తర్వాత నాలుగు స్టాపులు ఎలా దాటిందో ఆవిడకే తెలియదు. రెండింటికి డ్యూటీ దిగి, యూనిఫాంతోనే వెనక్కి వచ్చింది.

అప్పటికి తాళం తీసి ఉంది. గది నిజంగానే పెద్దది. ఒక కిటికీ దగ్గర పుస్తకాలు నొక్కే ఇనుప ప్రెస్సు, గోడ పొడుగునా అట్టలు, జిగురు గిన్నె, ఇంకో మూలకు చుట్టిపెట్టిన పరుపు. ఆవిడ బైండింగు పని చేస్తుంది. లైబ్రరీల పాత పుస్తకాలకూ, ఆఫీసుల రిజిస్టర్లకూ అట్టలు వేస్తుంది. సొరుగులోంచి అద్దె కాగితం తీసి చూపించింది. ఇంకా రెండున్నరేళ్ల గడువు ఉంది. కింద సాక్షి సంతకం తేనెసీసాది.

"అతనే కుదిర్చాడమ్మా ఈ గది. అద్దె కూడా అతనికే ఇస్తాను, ఓనరమ్మకు పంపుతాడు. ఇల్లు అమ్ముడుపోతే నా సంగతేంటని అడిగాను. భయపడకు, కొనేవాళ్లు నువ్వు ఉండటానికి ఒప్పుకున్నారన్నాడు. చూసేటప్పుడు మాత్రం గదిలో మనిషి ఉంటే బాగుండదట. ఒకసారి జ్వరమొచ్చి లేవలేకపోతే, బయట తాళం వేసి, చప్పుడు చేయకుండా పడుకోమన్నాడు."

"కొనేవాళ్లెవరో చెప్పాడా?"

"టైలరుగారట. చాలా మంచివాళ్లట. మరి ఇవాళ ఇంకెవరికో ఎందుకు చూపిస్తున్నాడో తెలియలేదు."

"ఆ టైలరుగారి భార్యని నేనే."

బైండింగు ఆవిడ గబుక్కున లేచి, స్టూలు మీది కాగితాలు తీసి, కొంగుతో తుడిచి, "కూర్చోండమ్మా," అంది. తర్వాత కాస్త ఆగి, "అయితే మీరు ఒప్పుకున్నారుగా?" అంది.

చేయని వాగ్దానానికి ఎదుటి మనిషి దణ్ణం పెట్టబోతుంటే డ్రైవరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "చూద్దాం అక్కా," అని మాత్రం అని బయటపడింది.

ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా జరిగిందంతా భర్తకు చెప్పింది. టైలరు ఒక చొక్కాకు కాలరు వేస్తున్నాడు. మిషను ఆపలేదు. ఆశ్చర్యపోలేదు. అది చూసి ఆవిడకు అనుమానం వచ్చింది.

"ఏవండీ, మిమ్మల్నే. ఏం మాట్లాడరేం?"

టైలరు కాలు ఆపాడు. తల మాత్రం ఎత్తలేదు. "మొదటిసారి వెళ్లినప్పుడే ఆ తలుపు వెనక దగ్గు వినిపించింది."

"ఏంటీ?"

"నువ్వు వంటింట్లో కుళాయి తిప్పి చూస్తున్నావు. నేను తలుపు దగ్గరున్నాను. లోపల ఎవరో దగ్గి, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నట్టు ఆపుకున్నారు."

"మరి చెప్పలేదేం?"

"పదిహేడేళ్లుగా పొయ్యి పక్కన కూర్చుని కుడుతున్నాను. ఒక్క గది... ఒక గది నాకంటూ ఉంటే బాగుండనిపించింది. ఏం ఉన్నా ఏజెంటే చూసుకుంటాడనుకున్నాను."

"ఏం చూసుకుంటాడు? ఆ మనిషిని చూసుకుంటాడా? ఆవిడ పరుపునీ జిగురు గిన్నెనీ రోడ్డుమీద పెట్టడం చూసుకుంటాడా? జ్వరంతో ఉన్న మనిషిని లోపలపెట్టి తాళం వేస్తే, ఆ తలుపు ముందే నిలబడి మనం గది కొలతలు మాట్లాడుకున్నామండీ! వాడు డబ్బుకోసం అబద్ధమాడాడు. మీరు దేనికోసం ఊరుకున్నారు?"

టైలరు మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు. మంచివాడని, మెతకవాడని ఇన్నేళ్లూ ఆవిడ వెనకేసుకొచ్చిన మనిషి. ఆ మెతకదనం అవసరమైతే ఇంత గట్టిగా నోరు మూసుకోగలదని ఆవిడకు ఆరోజే తెలిసింది. కూతురు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "అయితే మనం ఆ ఇల్లు కొనమా?" అని చిన్నగా అడిగింది.

సోమవారం డ్యూటీ మార్పించుకుని ఆవిడ ఒక్కతే ఏజెంటు ఆఫీసుకు వెళ్లింది. అద్దాల గది. గోడనిండా నవ్వుతున్న కుటుంబాల ఫొటోలు. ఎదురుగా కుర్చీల్లో యువ దంపతులు ఇళ్ల బొమ్మలు తిరగేస్తున్నారు.

"రండి మేడమ్, సార్ రాలేదా?" అన్నాడు తేనెసీసా.

"లోను నాది. మాట్లాడాల్సింది నాతోనే. స్టోర్‌రూమ్ తాళంచెవి దొరికిందా?"

"ఓనరమ్మ పంపిస్తానన్నారు..."

"నిన్న నేను ఆ గదిలో కూర్చుని వచ్చాను. అద్దె కాగితం మీద నీ సంతకం చూశాను."

అతని మొహంలో ఒక్క క్షణం రంగు మారింది. అంతే, మళ్లీ తేనె. "మేడమ్, కాస్త మెల్లగా..."

"పదహారేళ్లుగా బస్సు నడుపుతున్నాను. ఎక్కడ మెల్లగా వెళ్లాలో నువ్వు నాకు చెప్పక్కర్లేదు."

అతను కుర్చీ ముందుకు లాక్కుని గొంతు తగ్గించాడు. "మీ మంచికే చేశాను మేడమ్. మీకెందుకీ తలనొప్పి? రిజిస్ట్రేషన్ కానివ్వండి, ఇద్దరు మనుషుల్ని పంపిస్తాను. గంటలో గది ఖాళీ. మీ చేతికి మట్టి కూడా అంటదు. వెనకా ముందూ ఎవరూ లేని మనిషి, ఎవరొచ్చి అడుగుతారు?"

"నేనడుగుతాను," అంది డ్రైవరమ్మ. అద్దాలు అదిరేటట్టు అంది. "వినండమ్మా మీరు కూడా," అని ఆ దంపతుల వైపు తిరిగింది. "ఈ పెద్దమనిషి జ్వరమొచ్చిన ఆడమనిషిని గదిలో పెట్టి తాళం వేసి, మాకు స్టోర్‌రూమ్ అని చూపించాడు. ఆవిడకేమో మేం ఉండనిస్తామన్నామని చెప్పాడు. మాకోసమే రాసిపెట్టానన్న ఇల్లు నిన్న ఇంకొకరికి చూపించాడు. ఇంత తియ్యగా ఎలా మాట్లాడతావయ్యా? అన్నం తినేది కూడా ఈ నోటితోనేనా?"

ఆ దంపతుల్లో అమ్మాయి చేతిలో కాగితాలు బల్లమీద పెట్టేసింది. తేనెసీసా నీళ్లు నమిలాడు.

అక్కడే, అతని ఎదురుగానే, ఓనరమ్మకు ఫోను చేసింది. నంబరు బైండింగు ఆవిడ ఇచ్చింది. ఓనరమ్మ వేరే ఊళ్లో ఉద్యోగం. మర్యాదస్తురాలు. అంతా విని, "అయ్యో, నాకివేవీ తెలియవండీ. అద్దె మనిషి సంగతి తనే చూసుకుంటానన్నాడు. ఎలా చూసుకుంటాడో నేనడగలేదు," అంది.

"ఎందుకడగలేదండీ?"

"అడిగితే తెలుస్తుంది కదండీ," అంది ఓనరమ్మ.

ఆ మాటలో నిజాయితీ ఉంది. అందుకే డ్రైవరమ్మకు ఇంకా కోపం వచ్చింది. తన ఇంట్లో మిషను ముందు తల దించుకున్న మనిషి కూడా ఇదే మాట వేరేలా చెప్పాడు.

చివరికి వాళ్లు ఆ ఇల్లే కొన్నారు. వదిలేద్దామనే అనుకుంది ఆవిడ. వదిలేస్తే తర్వాత వచ్చేవాళ్లకు స్టోర్‌రూమ్ కథే మళ్లీ చెబుతాడని, వాళ్లెవరూ బస్‌స్టాపులో ఆగి అడగరని ఆలోచించి మనసు మార్చుకుంది. బైండింగు ఆవిడ గడువు తీరేదాకా ఉంటుందని అగ్రిమెంటులో రాయించింది. గది చేతికి రాదు కాబట్టి ఓనరమ్మ ధర కొంత తగ్గించింది. తేనెసీసా మాత్రం రెండువైపులా తన కమీషను దమ్మిడీ తగ్గకుండా తీసుకున్నాడు. కమీషను కాగితం మీద ఆవిడ మొదట్లో చదవకుండా పెట్టిన సంతకం ఒకటి అతని దగ్గరుంది. ఏజెంట్ల సంఘానికి ఆవిడ మూడు పేజీల ఫిర్యాదు రాస్తే, రెండు లైన్ల జవాబు వచ్చింది: పరిశీలిస్తున్నామని. ఇప్పటికీ పరిశీలిస్తూనే ఉన్నారు.

టైలరు మిషను వరండాలోకి వచ్చింది. వాన పడితే లోపలికి లాగాలి, ఎండొస్తే పరదా దించాలి. నెలరోజులపాటు ఆయన వెనక గదివైపు వెళ్లలేదు. ఒకరోజు ఉదయం తనంతట తానే వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాడు. డ్రైవరమ్మ వంటింట్లోంచి విన్నది.

"అక్కగారూ, మొదటిరోజు నేను... మీ దగ్గు వినిపించింది నాకు."

"తెలుసు," అంది బైండింగు ఆవిడ. "మీ కాళ్లు తలుపు కింద సందులోంచి కనిపించాయి. తడతారేమో అనుకున్నాను."

మళ్లీ కాగితాలు కత్తిరిస్తున్న చప్పుడు. టైలరు చాలాసేపు అక్కడే నిలబడి, వరండాలోకి వెళ్లిపోయాడు. ఆవిడ క్షమించిందో లేదో ఆయనకు తెలియదు. అడిగే మొహం తనకు లేదని మాత్రం తెలుసు. భార్య ఆ విషయం మళ్లీ ఎత్తలేదు. కానీ ఇదివరకటిలా, "మా ఆయన నోట్లో నాలుక లేదండీ," అని నలుగురిలో మురిసిపోతూ చెప్పడం మానేసింది.

మొన్నొకరోజు పద్నాలుగో నంబరులోకి తేనెసీసా ఎక్కాడు. కారు చెడిపోయిందట. వెంట భార్యాభర్తలు, వాళ్ల చేతిలో ఇళ్ల కాగితాలు. "మేడమ్, కొత్తిల్లు బాగుందా?" అన్నాడు, ఏమీ జరగనట్టు.

డ్రైవరమ్మ అద్దంలోంచి ఆ ఇద్దరినీ చూసింది. "అమ్మా, ఈయన చూపించే ఇంట్లో ఏ తలుపుకైనా తాళముంటే, అది తీసేదాకా అక్కణ్ణుంచి కదలకండి. ఆదివారం కాని రోజున కూడా ఒకసారి వెళ్లి చూడండి," అని బస్సంతటికీ వినిపించేలా చెప్పింది.

తేనెసీసా అవసరానికి మించి గట్టిగా నవ్వాడు. ఆ దంపతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూడు స్టాపుల తర్వాత ముగ్గురూ కలిసే దిగారు. వాళ్లు ఎటు వెళ్లారో, ఆ మాట పట్టించుకున్నారో లేదో ఆవిడ చూడలేకపోయింది. అప్పటికే బస్సు రెండు నిమిషాలు లేటు. తలుపు మూసి, గేరు మార్చి, గట్టిగా ఒకసారి హారన్ కొట్టింది. ఎదురుగా ఎవరూ అడ్డం లేరు.