గది ఖాళీ చేసిన తేదీ

ఆఫీసరమ్మ పదకొండింటికి వస్తుందని ఉత్తరంలో రాశారు. పదింటికే వచ్చి గుమ్మం ముందు నిలబడింది. ప్రభుత్వం వాళ్ళు ఆలస్యంగా వస్తే మనం కాచుకు కూర్చోవాలి, ముందే వస్తే మనమేదో తప్పు చేసినట్టు కంగారు పడాలి. చంకలో కాగితాల కట్టతో అప్పుడే మెట్లెక్కి వస్తున్న అల్లుడు ఆమెను చూసి, కాళ్ళూ చేతులూ ఆడక, "రండి, రండి" అని రెండుసార్లు అన్నాడు.

అల్లుడంటే ఆ ఇంటి అల్లుడు. పరాయి దేశం నుంచి గడియారాలు బాగుచేసే పనికి వచ్చి, తాను రోజూ ఎక్కే సిటీ బస్సు నడిపే అమ్మాయిని పెళ్ళి చేసుకుని, అత్తగారింట్లోనే మకాం పెట్టాడు. "ఇల్లరికం వెళ్ళడానికి నీకు విమానం కావాల్సొచ్చిందిరా" అని స్నేహితులు ఫోనులో ఏడిపించేవారు. మొన్న కొట్టు మూతపడింది. కొట్టు పేరు మీద ఇచ్చిన అనుమతి శుక్రవారంతో సరి. ఇక మిగిలింది భార్య పేరు మీద వచ్చే వీసా. వాళ్ళిద్దరూ నిజంగా ఒక కప్పు కింద కాపురం చేస్తున్నారని ఈ ఆఫీసరమ్మ కళ్ళారా చూసి రాస్తేనే అది వస్తుంది. లేదని రాసిందా, శనివారం పెట్టె సర్దుకోవాలి. ఐదేళ్ళ దాకా తిరిగి రాకూడదు. తల్లిని ఒంటరిగా వదిలి భార్య అతని వెంట రావడం కుదరదు.

"మీ ఆవిడ లేరా?"

"డ్యూటీలో ఉందండీ. పదకొండుకి దిగుతుంది. బస్సు నడిపేటప్పుడు ఫోనెత్తకూడదు."

"పర్లేదు. ఈలోగా ఇల్లు చూస్తాను."

తలుపు తీశాడు. తీసి, తాను వేరే ఇంటికి వచ్చానేమో అనుకున్నాడు.

పొద్దున్న ఆరింటికి, కొట్టు యజమాని సంతకం కోసం బయల్దేరినప్పుడు, గుమ్మంలో మూడు జతల చెప్పులు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఇప్పుడు ఒక్కటీ లేదు. నేల అద్దంలా మెరుస్తోంది. హాల్లో భార్య విప్పి పడేసే యూనిఫాం కోటు లేదు, అతని స్క్రూడ్రైవర్ల డబ్బా లేదు. గోడ మీద పెళ్ళి ఫోటో లేదు. ఫోటో మాట దేవుడెరుగు, దాని మేకు కూడా లేదు, ఆ చిల్లు పూడ్చి సున్నం పూసేశారు.

అత్తగారు వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఇస్త్రీ చేసిన బట్టలు, బిగించి దువ్విన ముడి. పెద్ద హోటల్లో గదులు శుభ్రం చేయించే సూపర్‌వైజరుగా ఇరవయ్యెనిమిదేళ్ళు చేసి రిటైరైన మనిషి. "నమస్కారమండీ. కాఫీ తీసుకుంటారా?" అంది, ఎవరో అతిథి దిగినట్టు.

ఆఫీసరమ్మ కాఫీ వద్దంది. బాత్రూంలోకి వెళ్ళింది. కాగితం విప్పని కొత్త సబ్బు, మడత నలగని రెండు తువ్వాళ్ళు. పళ్ళ బ్రష్షు అన్నది లేదు. పడకగదిలో దుప్పటి ముడత లేకుండా బిగించి పరిచి ఉంది. బీరువా తీస్తే ఖాళీ హ్యాంగర్లు ఊగాయి.

"పెళ్ళయి ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళండీ."

"రెండేళ్ళలో ఒక్క చొక్కా కూడా కొనుక్కోలేదా?"

అతనికి ముచ్చెమటలు పట్టాయి. ఆఫీసరమ్మ కలం తీసి రాయడం మొదలుపెట్టింది. ఆ కలం చప్పుడు వింటూ అతను అత్తగారి వైపు చూశాడు.

ఆవిడకి తనంటే మొదట్నుంచీ పడదని అతని నమ్మకం. ఈ రెండేళ్ళలో ఒక్కసారి కూడా 'అల్లుడుగారూ, మీరు' అన్న మర్యాద దాటలేదు. మాట్లాడితే స్క్రూల గురించే. "అల్లుడుగారూ, మీ స్క్రూ మళ్ళీ నేల మీద దొరికింది. చీమ తలంత లేదు, కాల్లో దిగితే ఎవరికి కనిపిస్తుంది?" అంతే, ఇంకో మాట లేదు. ఇప్పుడు అదను దొరికింది, ఊడ్చి పారేసింది అనుకున్నాడు.

"మీరే చేశారా ఇదంతా?"

"నేనే చేశాను."

"నేను వెళ్ళిపోవాలనే కదా? ఆ మాట నోటితో చెప్తే నేనే పోయేవాణ్ణి కదండీ! ఇలా చల్లగా గొంతు కొయ్యాలా?"

అత్తగారి ముఖం పాలిపోయింది. ఒకసారి అతన్ని, ఒకసారి ఆఫీసరమ్మని చూసింది. "ఉత్తరంలో తనిఖీ అని ఉంది," అంది. "నా సర్వీసు మొత్తంలో తనిఖీలో ఒక్క గది తప్పలేదమ్మా. గదిలో అడుగుపెట్టినవాళ్ళకి వేరేవాళ్ళ వెంట్రుక కూడా కనపడకూడదు. పొద్దున్న వీళ్ళిద్దరూ బయటికెళ్ళగానే మొదలెట్టాను. ఏం, ఎక్కడైనా దుమ్ము మిగిలిందా?"

పడీ పడీ నవ్వాల్సిన మాటే. కానీ శుక్రవారం మూడు రోజుల్లో ఉంది.

"దుమ్ము కాదండీ, మనుషులు మిగల్లేదు," అంది ఆఫీసరమ్మ. "సామానెక్కడ?"

"స్టోరు గదిలో. అది బయటివాళ్ళకి చూపించం."

"అత్తయ్యగారూ, చూపించండి!" అని అరిచాడతను.

తాళం తీయడానికి ఆవిడకి ప్రాణం ఒప్పలేదు, అయినా తీసింది. లోపల గోడ పొడుగునా తెల్ల సంచులు, ప్రతి సంచికీ మూతి కట్టి ఒక నంబరు. ఆఫీసరమ్మ ఒకటి విప్పింది. అతని చొక్కాలు, భార్య చీరలు. మూతి మళ్ళీ కట్టేసింది.

"సంచుల్లో బట్టలు నిన్న తెచ్చి పెట్టినవి కావని ఏమిటి నమ్మకం? నేను దీన్ని రుజువుగా రాయలేను."

అతను గోడకి ఆనుకుపోయాడు. అయిపోయింది అనుకున్నాడు.

"పుస్తకంలో రాసే కట్టానమ్మా," అంది అత్తగారు. "రాయకుండా గదిలోంచి ఏ వస్తువూ తియ్యను."

అటక మీంచి పొడుగాటి అట్టల పుస్తకం దించింది. హోటల్లో అతిథులు మర్చిపోయిన వస్తువులు రాసే పుస్తకం, రిటైరైన రోజు ఒకటి అడిగి తెచ్చుకుందట. చివరి పేజీల్లో ఆ పొద్దుటిదే నూట నలభై మూడు వస్తువుల జాబితా, ఏది ఎక్కడ తీసిందో ఎక్కడ తిరిగి పెట్టాలో సహా. ఆఫీసరమ్మ వెనక్కి తిప్పింది. ఇంకా వెనక్కి తిప్పింది. రెండేళ్ళు వెనక్కి వెళ్ళింది. పేజీలు ఉబ్బి ఉన్నాయి, ప్రతి పేజీకీ చిన్న చిన్న కవర్లు పిన్ను కొట్టి ఉన్నాయి. ఒకటి అరచేతిలో వంచితే చీమ తలంత స్క్రూ పడింది. మీద తేదీ.

ఆమె పైకే చదవసాగింది.

"'అల్లుడుగారి చొక్కా జేబు. స్క్రూ ఒకటి. ఉతికేముందు దొరికింది, అదృష్టం.'

"'కిటికీ వైపు దిండు కింద. భూతద్దం. పడుకుని కూడా పనేనా?'

"'బాత్రూం. ఇద్దరి బ్రష్షులూ ఒకే గ్లాసులో. విడదీసి పెట్టాను. మళ్ళీ కలిపేశారు. వదిలేశాను.'

"'సోఫా సందు. అమ్మాయి జడపిన్ను ఒకటి, స్క్రూ ఒకటి. ఇద్దరూ టీవీ చూస్తూ నిద్రపోయారు. దుప్పటి కప్పాను.'"

ఆ దుప్పటి అతనికి గుర్తుంది. భార్య కప్పిందనుకున్నాడు.

ఆఫీసరమ్మ చదవడం ఆపి, వేలితో పేజీ అంచున ఉన్న గడిని చూపించింది. "ఇక్కడ 'గది ఖాళీ చేసిన తేదీ' అని అచ్చయి ఉంది. రెండేళ్ళలో ఒక్కచోటా నింపలేదేం?"

అత్తగారు ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "అది ఖాళీ చేసి వెళ్ళేవాళ్ళకి కదమ్మా. మావాడెక్కడికి వెళ్తాడు?"

ఆఫీసరమ్మ తాను ఇందాక రాసిన కాగితం చింపి మడిచి సంచిలో వేసుకుంది. కొత్త కాగితం తీసి నిలబడే రాసింది. ఆ పుస్తకం పేజీలు నాలుగు ఫోటో తీసుకుంది. "మీ ఆవిడ సంతకం రేపు ఆఫీసుకొచ్చి పెడితే చాలు. గురువారానికి వీసా ముద్ర పడుతుంది," అని చెప్పి, మెరిసే నేల మీద జాగ్రత్తగా అడుగులేస్తూ వెళ్ళిపోయింది.

తలుపు మూసి అతను వెనక్కి తిరిగాడు. కళ్ళు నిండిపోయాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

"అత్తయ్యగారూ, ఇందాక నేనన్న మాట..."

ఆవిడ అప్పటికే మొదటి సంచి మూతి విప్పుతోంది. అందులోంచి అతని చెప్పుల జత తీసి చేతికిచ్చింది.

"ముందు ఇవి తీసుకెళ్ళి గుమ్మంలో పడెయ్యి. ఎప్పట్లాగే పడెయ్యి, సర్దకు."