ఇంజన్ చల్లారేదాకా

మేము గేటు తీసేసరికే వ్యాన్ ఇంజన్ ఆన్‌లో ఉంది. అమ్మే మనిషి దాని పక్కన నిలబడి, ఏళ్ల తరబడి మా కోసమే ఎదురుచూస్తున్నట్టు నవ్వాడు.

"రా చెల్లెమ్మా! రండి, రండి బావగారూ!"

అంతే. మా ఆయన పని అక్కడితో అయిపోయింది.

తనను అనుమానపు మనిషి అనుకుంటారేమోనన్న భయంతో బతుకుతాడాయన. మోసపోవడానికైనా సిద్ధమే గాని, అడగడానికి నోరు రాదు. ముక్కూ మొహం తెలియనివాళ్ల దగ్గరే అంత మొహమాటం. ఇక బావగారూ అని పిలిచినవాణ్ణి పట్టుకుని గేర్లు సరిగ్గా పడతాయా అని అడగడమా! పెళ్లికి ముందు మావాళ్లనూ ఏమీ అడగలేదు. అప్పట్లో అది సంస్కారం అనుకుని మురిసిపోయాను.

వ్యాన్ నాకు షికార్లకు కాదు. సోమవారం నుంచి మా పేట పిల్లల్ని బడికి తీసుకెళ్లి తీసుకొచ్చే పని నాకు ఖాయమైంది, సొంత బండి ఉండాలన్న షరతు మీద. దాచుకున్నదంతా ఈ బండికే. రేపు గేర్‌బాక్స్ పోతే దానితోపాటు పనీ పోతుంది. ఇది ఆటోమేటిక్, రెండు చేతులు మారింది. అలాంటి గేర్‌బాక్సులో జబ్బుంటే చాలాసార్లు చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుందని, వేడెక్కాక దాక్కుంటుందని విన్నాను.

బానెట్ మీద చెయ్యి పెట్టాను. కాలింది.

"మీరొస్తున్నారని వేడి చేసి ఉంచా," అన్నాడు కొత్త అన్నయ్య.

"చూశావా, ఎంత శ్రద్ధో!" అన్నాడు మా ఆయన.

వీధి చివరిదాకా నడిపాను. వెన్నలా సాగింది. వెనక సీట్లోంచి మా ఆయన, బండిని తానే తయారు చేసినట్టు, "ఎలా ఉంది? ఎలా ఉంది?" అంటున్నాడు. తిరిగొచ్చి ఇంజన్ ఆపి, తాళంచెవి నా సంచీలో వేసుకున్నాను.

"బాగుంది అన్నయ్యా. చల్లారాక ఇంకోసారి నడుపుతా."

"అబ్బో, దానికి చాలాసేపు పడుతుంది చెల్లెమ్మా."

"పడనీ. అన్నయ్య ఇంటికొచ్చాక తొందరేముంది?"

చుట్టరికం మొదలుపెట్టింది అన్నయ్యే. లోపలికి పిలవక తప్పలేదు.

సోఫాకు కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు ఇంకా అలాగే ఉంది. కదిలితే చాలు చప్పుడు. అన్నయ్య నవ్వు చెదరలేదు గాని, దాన్ని నిలబెట్టడానికి బుగ్గలు తెగ కష్టపడుతున్నాయి. వాళ్లావిడ టీ ఇచ్చింది. ఖాళీ కప్పులు తీసుకెళ్లింది. ఆ తర్వాత తీసుకెళ్లడానికి ఏమీ లేక గుమ్మంలో నిలబడింది.

"మా ఆవిడకు కాస్త చాదస్తం. ఏమీ అనుకోకండి," అన్నాడు మా ఆయన. కాసేపాగి మళ్లీ అన్నాడు. అల్లరి చేస్తే కూర్చోబెట్టిన పిల్లాడిలా సోఫా అంచున ముడుచుకుపోయాడు. ఆయన్ను అంత ఇబ్బందిలో చూడటం నాకు హాయిగా ఉంది. ఆ హాయిని గమనించుకుని కొంచెం సిగ్గుపడ్డాను. లేవలేదు.

"తాళం ఇలా ఇయ్యి చెల్లెమ్మా, బండి కాస్త పక్కకు పెడతా."

"ఎవరికీ అడ్డం లేదులే అన్నయ్యా."

చివరికి బానెట్ చల్లబడింది. గోడ వైపు మొహం పెట్టి ఉన్న బండిని వీధిలోకి తియ్యాలంటే వెనక్కి చిన్న ఎత్తు ఎక్కించాలి. మా ఆయన వెనక సీట్లో ఎక్కాడు. రివర్స్‌లో పెట్టి యాక్సిలరేటర్ నొక్కాను. ఇంజన్ గొంతు చించుకుంది. బండి వెనక్కి పోలేదు సరికదా, మెల్లగా గోడ వైపు జారింది. బ్రేక్ తొక్కాను. అప్పుడు, ఎప్పటి పనో ఇప్పుడు గుర్తొచ్చినట్టు, గేరు దబ్బున పడింది. మా ఆయన నుదురు నా సీటుకు కొట్టుకుంది.

"చల్లగా ఉంటే కాస్త బద్ధకం దానికి," అన్నాడు అన్నయ్య కిటికీలోంచి. "అలవాటైపోతుంది."

"మనుషులకే ఉంటుంది బద్ధకం, బండికుండదా," అన్నాడు మా ఆయన నుదురు రుద్దుకుంటూ.

ఆయన కూర్చున్న చోట బడి పిల్లల్ని ఊహించుకున్నాను. దిగి తాళంచెవి ఇచ్చేశాను.

"వద్దండీ."

"ఆ మాట ముందే చెప్పొచ్చు కదండీ! సగం రోజు తినేశారు," అన్నాడు అన్నయ్య. చెల్లెమ్మ ఏమైపోయిందో మరి.

బస్సెక్కాక బడికి ఫోన్ చేశాను. వారం ఆగుతారట, ఆ తర్వాత వేరేవాళ్లను చూసుకుంటారట. పక్క సీట్లో మా ఆయన ఫోన్‌లో ఏదో టైప్ చేస్తున్నాడు. ఒంగి చూశాను.

"బావగారూ, బండి బ్రహ్మాండం. మా ఆవిడ మాటలు మనసులో పెట్టుకోకండి."

"పంపించండి," అన్నాను.

"పంపేశా."

"రేపు ఇంకో బండి చూడ్డానికి వెళ్తున్నా. మీరు రావద్దు."

ఆయన మొహం చిన్నబోయింది. ఆ వెంటనే భుజాలు కిందికి దిగాయి, నెత్తిన ఉన్న మూట ఎవరో అందుకున్నట్టు.

"సరే," అన్నాడు. "కానీ అమ్మేవాళ్లతో కాస్త మర్యాదగా మాట్లాడు."